పాడైన జెరాక్సుల వెనక

పర్లాకిమిడి కోర్టుకి ఎదురుగా
మా మిషను రోజుకి ముప్పై కాగితాలు నమిలి ఉమ్ముతుంది.
ముందువైపు ఎవరివో భూములు, వంకరగా.
వెనకవైపు నాది,
పట్టా లేని తెల్లటి నేల.
దాని మీద పాతరీఫిలు పెన్నూ,
మిషను అడుగున రాలిన నల్లపొడీ.
నీడ కావాలంటే వేలు అద్దుకుంటాను.

ఎవరు నేర్పారని అడుగుతారు, చిల్లర తీసుకుంటూ.
నాకేటి తెల్సు.
ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా.
ఒక భాష అక్షరాలు నెత్తిన పిలక పెట్టుకునేవి,
ఇంకో భాషవి వానున్నా లేకున్నా గొడుగేసుకునేవి.
రెండో తరగతిలో నేను పిలకలకి కూడా గొడుగు పట్టాను.
బెహెరా మేస్టారు బెత్తంతో ఒకటిచ్చి,
ఆ పలకని మాత్రం ఇంటికి పట్టుకెళ్లి
వాళ్లావిడకి చూపించారట.
దెబ్బ మానిపోయింది.
ఆ రెండో సంగతే ఇంకా మానలేదు.

మార్గశిర లక్ష్మివారాల్లో పక్కింటి కుని మావుసి
బియ్యం పిండిలో మూడు వేళ్లు ముంచి విదిలిస్తే
గోడ మీద వరికంకులు వేలాడేవి.
మా అమ్మ అలా కాదు.
చుక్క పెట్టి, లెక్క పెట్టి, గీత కలిపేది,
ఒక్కటి తప్పితే మొత్తం తుడిచేసేది.
నా చేతిలో వాళ్లిద్దరి గోడ తగాదా
ఈనాటికీ తెమల్లేదు.

గుణుపురం దాటి కొండ మీద సంతకెళ్లినప్పుడు
ఒక సవర ముసలాయన
పుల్ల కొస నమిలి కుంచె చేసుకుని
ఎర్రమట్టి గోడలోకి మనుషుల్ని ఎక్కిస్తున్నాడు.
నిచ్చెన, గుర్రం, గొడుగు కింద ఎవరో దొర,
దొర వెనక సైకిలు.
సైకిలెందుకు తాతా అన్నాను.
"కలలో అడిగారు" అన్నాడు, ఇటు తిరక్కుండానే.
నన్ను కలలో ఎవరూ ఏదీ అడగలేదు.
అడక్కుండానే గీస్తున్నందుకు
తిరుగు బస్సులో సిగ్గేసింది.

తర్వాత బరంపురం నుంచి వచ్చిన చదువుకున్నాయన
నా కట్ట తిరగేసి,
"కొలతలు లేవమ్మా, ఈ మనిషి చెయ్యి మోకాలు దాటిపోయింది" అన్నాడు.
నిజమే.
అది మా నాన్న చెయ్యి,
రైసుమిల్లు బస్తాలు లాగి లాగి అంత చేశాయి.
ఆ మాట ఆయనకి చెప్పలేదు.
కట్టకి రబ్బరు బ్యాండు వేసి అటక మీద పెట్టాను.
ఎనిమిది నెలలు.
రబ్బరు ఎండి దానంతటదే తెగింది గానీ
నేను ముట్టలేదు.

జ్యేష్ఠంలో, కరెంటు పోయిన మధ్యాహ్నం,
కొమ్ము పని దుఃఖిశ్యాం మహారణా వచ్చాడు,
పింఛను కాగితాలు గుండెకి హత్తుకుని.
ఆఫీసులో వేలు పెడితే ముద్ర పడటం లేదట.
నలభై ఏళ్లు ఆకురాయి పట్టిన వేళ్లు
చింతగింజల్లా నున్నగా.
"గీతలన్నీ కొంగల్లోకి పోయాయి" అని నవ్వాడు.
వంకర కొమ్ము దొరికితే ఏం చేస్తావన్నాను.
"కొమ్ము ఎటు తిరిగితే కొంగ అటు చూస్తాది.
గేదె ముందే తేల్చేసింది, నేనెవర్ని?"

నాన్న చెయ్యి గుర్తొచ్చింది.

"అలా కూర్చో" అన్నాను.
ముద్ర లేని వేలు గీయడానికి గంటన్నర పట్టింది.
మధ్యలో కరెంటు వచ్చింది,
ఇద్దరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం.
ఆయన బొటనవేలి పక్కన, కాగితం అంచున,
నా నల్లటి వేలిముద్ర ఒకటి పడిపోయింది.
తుడవబోయి ఆగాను.
అమ్మ ఉంటే తుడిచేసేది.

కట్ట ఇప్పుడు అట్టపెట్టె నిండింది.
మొన్న తొందరలో ఒకాయన కులపత్రం నకలు
నా మేక వెనకే అచ్చయి
తహసీలు ఆఫీసుకి వెళ్లిపోయింది.
మూడు వారాలైంది.
సీలు పడిందో, మేకే మేసేసిందో,
ఇంతవరకూ ఎవరూ తిప్పి పంపలేదు.